నాన్నకు నోరు రాని లౌక్యం

నా చిన్నప్పుడు కొల్లేటి ఒడ్డున మా ఊళ్లో లౌక్యం అన్న మాట దాదాపు తిట్టు. మా పక్కింటి అక్క ఏలూరులో నాలుగేళ్లు బట్టల కొట్లో పనిచేసి వచ్చింది. దానికి లౌక్యం ఎక్కువని ఆడవాళ్లు మూతి తిప్పుకునేవారు. మాయమాటలతో పని జరిపించుకోవడమే లౌక్యమని నేనూ అనుకునేదాన్ని.

ఐదో తరగతి అయ్యాక ఏలూరు హాస్టల్లో నాకు సీటు వచ్చింది. చేరాలంటే ఇన్‌కం సర్టిఫికెట్ కావాలి. చేపలు పట్టి బతికే మా నాన్న నన్ను వెంటబెట్టుకుని, కొంత దూరం పడవలో, ఆపైన బస్సులో, మూడు రోజులు తాలూకా ఆఫీసుకు తిరిగాడు. గుమాస్తా తలెత్తకుండానే రేపు రమ్మనేవాడు. నాన్న చేతులు కట్టుకుని అలాగేనండి అనేవాడు. బయటికొచ్చాక నావైపు చూసేవాడు కాదు. నేను ఆయన చొక్కా అంచు పట్టుకుని నడిచేదాన్ని. అంతకుమించి ఏం చెయ్యాలో నాకూ తెలియలేదు.

నాలుగో రోజుతో హాస్టల్లో చేరే గడువు అయిపోతుంది. అమ్మ బతిమాలితే అక్క మాతో వచ్చింది. గుమాస్తా మళ్లీ అదే మాట అన్నాడు. అక్క నా నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి బల్లమీద పెట్టింది.

“రేపు రమ్మన్నామని దీనిమీద రాసి సంతకం పెట్టి ఇచ్చేయండి, చాలండి. హాస్టల్లో చూపించుకుంటాం.”

గొంతు పెంచలేదు. అతను కాగితం వంక, ఆమె వంక చూసి ఫైలు తీశాడు. అయినా పై అధికారి భోజనం చేసి వచ్చి సంతకం పెట్టేసరికి బాగా పొద్దువాలింది. హాస్టలుకు పరుగెత్తాం. నా సీటు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. అక్క అక్కడా అడిగి చూసింది. వార్డెను మంచి మనిషే, మంచాలు లేవని ఆవిడే బాధపడింది. ఇక ఏ మాటకూ అక్కడ పని లేకపోయింది.

తిరుగు పడవలో నాన్న అక్కతో అన్నాడు.

“అలా అడగాలని మొదటి రోజే నాకూ తోచిందమ్మా. అనడానికే నోరు రాలేదు.”

ఆ ఏడాదంతా నేను చెరువుగట్ల మీద అమ్మతో కలిసి చేపలు ఏరాను. మరుసటేడు కాగితాల కోసం అక్కే ముందుగా బయలుదేరింది.

ఇప్పుడు నాకు అరవై దగ్గరపడ్డాయి. బ్యాంకులోనైనా, ఆధార్ సెంటర్లోనైనా అడగవలసింది నెమ్మదిగా అడుగుతాను. పిల్లలు నన్ను లౌక్యం తెలిసిన మనిషి అంటారు. కానీ నోరు తెరిచే ముందు ప్రతిసారీ నా గొంతు తడారిపోతుంది. మాట అక్క దగ్గర నేర్చుకున్నాను. ఆ తడారడం మాత్రం మా నాన్నది.