లెన్సుల గదికి బయటి గడియ

రబ్బరక్క లోపలికి అడుగుపెట్టగానే బయట గడియ పడేది. గడియకు తాళం. తాళంచెవి యజమాని జేబులో.

పాత కెమెరాలు బాగుచేసే ఆ దుకాణంలో ఆమె చేరిన కొత్తలో ఒక లెన్సు కనిపించకుండా పోయింది. అనుమానం లోపల పనిచేసే ఆడవాళ్ళ మీదికే వెళ్ళింది. వారం తిరక్కుండా ఆ లెన్సు యజమాని బీరువాలోనే బయటపడింది. తాళం మాత్రం ఉండిపోయింది. బాత్రూముకు వెళ్ళాలన్నా తలుపు కొట్టాలి, ముందుగదిలో బేరం తెగేదాకా ఆగాలి. దాంతో ఆమె పనివేళల్లో మంచినీళ్ళు తాగడమే మానేసింది. గొడవపడితే పని పోతుంది, పని పోతే ఇల్లు గడవదు. అందుకని నోరు కుట్టేసుకుంది. తర్వాత మిగతా ఆడవాళ్ళు మానేశాక ఆడపడుచు కూడా అదే పనిలో చేరితే, ఇద్దరూ కలిసి నోరు మూసుకున్నారు.

లెన్సు చుట్టూ చేతికి పట్టు దొరకడానికి రబ్బరు పట్టీ ఒకటి ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది బూడిద పూసినట్టు తెల్లబడుతుంది, సాగి వదులవుతుంది. ఆ పట్టీల పనివల్లే రబ్బరక్క అని పేరుపడ్డ ఆమె దాన్ని ఊడదీసి, వేడినీళ్ళలో నానబెట్టి, పళ్ళు తోముకునే బ్రష్షును స్పిరిట్‌లో అద్ది గాడిగాడికీ తోమేది. స్పిరిట్ ఎక్కువైతే పట్టీ మీది అంకెలు చెరిగిపోతాయి, తక్కువైతే తెలుపు వదలదు. ఆరిన పట్టీని జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో వెచ్చచేసి, చేతికి గాజు ఎక్కించినంత నెమ్మదిగా లెన్సుకు తొడిగేది. ఆ గదికి కిటికీ ఒకటుంది గానీ, దుమ్ము పడితే అద్దాలు పాడైపోతాయని యజమాని దానికి మేకులు కొట్టించాడు.

ఆ మధ్యాహ్నం ఆడపడుచు వేళాకోళం మొదలుపెట్టింది.

"మా అన్నయ్య వీపు కూడా ఇంత శ్రద్ధగా తోమి ఉండవు వదినా!"

"తోముతున్నంతసేపూ ఇది నోరు మూసుకుంటుందే. మీ అన్నయ్య ఊరుకుంటాడా?"

తలుపు తెరుచుకుంది. యజమాని తల మాత్రం లోపలికి పెట్టాడు. "ఆ పెద్దాయన లెన్సు ఇప్పుడే కావాలట. బయటే కూర్చున్నాడు. నేనలా బ్యాంకుదాకా వెళ్ళొస్తాను, ఈలోపు అయిపోవాలి."

గడియ పడింది.

స్పిరిట్ ఆరేదాకా డ్రయ్యరు పెట్టకూడదని రబ్బరక్కకు తెలుసు. దాని వైరు చిట్లిందనీ తెలుసు. మార్పించమని ఎన్నిసార్లు అడిగినా టేపు చుట్టి ఇచ్చాడు యజమాని. కానీ బయట పెద్దాయన ఎదురుచూస్తున్నాడు. ఆమె మీట నొక్కింది.

టేపు దగ్గర చిటుక్కున నిప్పురవ్వ లేచింది. బల్లమీది దూది భగ్గుమంది. ఆడపడుచు ఉలిక్కిపడి వెనక్కి జరగడంలో మోచెయ్యి తగిలి స్పిరిట్ సీసా ఒరిగింది. రబ్బరక్క ప్లగ్గు లాగేసి, తడిబట్ట కప్పి బల్లమీది మంట ఆర్పింది గానీ, కిందికి కారిన స్పిరిట్ వెంట నిప్పు పాకి పాత పట్టీలున్న బుట్ట అంటుకుంది. నల్లటి పొగ గదంతా కమ్మేసింది.

ఆమె రెండు చేతులతో తలుపు బాదింది. "తలుపు తియ్యండి! మంటలు!"

అవతలినుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "ఓనరు గారు లేరమ్మా. తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. వచ్చేస్తారు, కాస్త ఓపిక పట్టండి."

"పగలగొట్టండి బాబూ!"

"వేరేవాళ్ళ తాళం నేనెలా పగలగొడతానమ్మా? రేపు మాట నామీదికి రాదూ?"

ఆడపడుచు దగ్గుతూ నేలమీద కూలబడింది. రబ్బరక్క ఆమె తలను తలుపు కింది సందుకు ఆనించింది. "పీల్చవే, నా తల్లే, ఊపిరి పీల్చు." ఆ పిల్ల కళ్ళు తేలేస్తోంది. అప్పుడు తట్టింది రబ్బరక్కకు ఒక మాట. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అరిచింది.

"మీ లెన్సు లోపలే ఉందండీ! కాలిపోతోంది!"

బయట కుర్చీ దబ్బున పడింది. ఇనుప కెమెరా స్టాండుతో దెబ్బమీద దెబ్బ పడింది. గడియ మరలతో సహా ఊడి వచ్చింది.

పెద్దాయన చూపు ముందు బల్లమీదికే వెళ్ళింది, తర్వాతే నేలమీదికి. చెడ్డవాడేం కాదు. ఆడపడుచును బయటికి మోసి ముఖాన నీళ్ళు చల్లింది ఆయనే. తాళం వేసినవాడికి ఏదో హక్కు ఉండే ఉంటుందని మనందరం నమ్మినట్టే ఆయనా నమ్మాడు, అంతే.

పక్క దుకాణాలవాళ్ళు నీళ్ళు పోసి మంట ఆర్పారు. మర్నాడు వడ్రంగి కొత్త గడియ బిగించాడు. మళ్ళీ బయటే. రబ్బరక్క గుమ్మం దాటలేదు.

"గడియ లోపలివైపు పెట్టించండి. కిటికీ మేకులు తీయించండి. అప్పుడొస్తాం."

"నీకోసం కొత్త పద్ధతులు పెట్టాలా?"

"నాకోసం ఎందుకులెండి. మీ లెన్సుల కోసమే పెట్టండి."

"నీలాంటివాళ్ళు బోలెడుమంది దొరుకుతారు."

నిజమే, దొరికారు. ఆడపడుచు దగ్గు ఇంకా తగ్గలేదు. రబ్బరక్క పనికోసం దుకాణాలు తిరుగుతోంది. ఎక్కడికి వెళ్ళినా ముందు తలుపు చూస్తోంది. ఆమె వదిలివచ్చిన గదిలో ఇవాళ ఇంకెవరో కూర్చుని పట్టీలు తోముతున్నారు. తాళం బయటే ఉంది.

మీరు కెమెరానో, గడియారమో, కుట్టుమిషనో బాగుచేయమని ఇచ్చేటప్పుడు లోపలి గది ఒకసారి చూపించమనండి. గడియ ఏ వైపుందో, కిటికీ తెరుచుకుంటుందో లేదో చూడండి. బయట తాళం కనిపిస్తే, దాన్ని తీసేదాకా మీ వస్తువు ఇవ్వకండి. లోపలివాళ్ళు తలుపు కొట్టినా వినని యజమాని మీరు నోరు విప్పితే వింటాడు. ఎప్పుడైనా లోపలినుంచి కేక వినిపిస్తే తాళం ఎవరిదని ఆలోచించకండి. ఆ గదిలో మీ వస్తువేదీ లేకపోయినా సరే, పగలగొట్టండి.