అవ్వ వైపు తిరిగిన మైకు గొట్టం

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. తప్పులూ ఎక్కువే... మన్నించండి. కాగితం మీద రాసి ఫోటో తీయించి పెడుతున్నాను.

మా చిన్నప్పుడు... బేస్తవారిపేట దగ్గర మా ఊరికి మొదటిసారి మైకు వచ్చింది మా అక్క పెండ్లికే. కరెంటు లేదు, బ్యాటరీతో పలికేది. ఇల్లు ఇరుకని ఊరి బయట కళ్లంలో పందిరి వేశారు.

మా అవ్వ మాత్రం ఇంట్లో నులకమంచం మీదే ఉంది. కాలు విరిగి రెండు నెలలు. కదిలిస్తే ఓర్చుకోలేదు. అక్కను ఎత్తుకుని పెంచింది అవ్వే...

"తలంబ్రాల పాట చెవిన పడితే చాలు నాయనా" అంది.

"మైకు పెట్టిస్తాండా గదమ్మా, మంచం కాడికే వినపడతాది" అన్నాడు మా నాయన.

మైకాయన పొడుగాటి వాసం పాతి, గొట్టాన్ని వియ్యంకుల ఊరి వైపు కట్టాడు. అప్పట్లో అంతే... పెండ్లి సంగతి పక్క ఊరికి వినపడితేనే గొప్ప. మా ఇల్లేమో దాని వీపు వైపు. డప్పు మాదిరి చుట్టూ వినపడుతుందనుకున్నాం.

నేను అవ్వ దగ్గర కూర్చున్నాను. దూరంగా ఏదో గొణుగుడు... అంతే.

"ఏందిరా, ఇంకా మొదలు పెట్టలేదా?" అంది అవ్వ.

ఇంతలో తలంబ్రాల పళ్లెం కోసం నాయన వచ్చాడు. వాకిట్లో నిలబడి చెవి పెట్టాడు. ముఖం చిన్నబోయింది. ఒక చేత్తో పళ్లెం, ఒక చేత్తో నన్ను పట్టుకుని కళ్లానికి నడిచాడు.

"ఏందయ్యా, ఇంటికి వినపళ్లేదే?" అని మైకాయనను అడిగాడు.

"గొట్టం ఎనక ఉండే ఆ డబ్బా ఒక్కటే అయితే దోమ మాదిరి గుయ్ మంటాది మామా. గొట్టమే సద్దును కూడేసి ముందుకు తోసేది. మూతి ఎటుంటే అటే పోతాది."

"అయితే మా ఇంటి దిక్కు తిప్పు."

పెండ్లికొడుకు మేనమామ అడ్డం వచ్చాడు. "అట్లెట్ల బావా! మా ఊరికి వినపడకుంటే దొంగపెండ్లి అనుకోరూ?"

"మీ ఊరోళ్లంతా ఈ పందిట్లోనే ఉండారు గదా బావా... ఇంట్లో ఉండేది మా యమ్మ ఒక్కతే."

పందిరంతా నవ్వింది. ఆ మేనమామే నిచ్చెన పట్టుకున్నాడు. గొట్టం తిరిగింది.

నేను ఇంటికి పరుగెత్తాను. మైకులో అమ్మ పాడే తలంబ్రాల పాట వీధంతా గణగణమంటోంది. అవ్వ కళ్లు మూసుకుని, ఖాళీ దోసిలి పైకెత్తి గాలిలో తలంబ్రాలు పోస్తోంది...

"నేను నేర్పిన పాటే. రెండో చరణం మింగేసినాది మీ యమ్మ" అంది, నవ్వుతూ.

ఇప్పుడు పెండ్లిళ్లలో నాలుగు దిక్కులా నిలువెత్తు పెట్టెలు... ఇంట్లో తలుపులు వేసుకున్నా వదలదు మోత. ఎవరికి వినపడాలి అని అడిగేవాళ్లే లేరు.

మీ ఊళ్లో మైకు గొట్టం ఎటు తిప్పి కట్టేవారు? రాయండి... ఆలస్యం చేయకండి, చూస్తూ ఉంటాను.