ఎర్రబడని రేకు

కారు సొట్టలు తీయడంలో మేస్త్రీని మించినవాడు లేడని చుట్టుపక్కల షెడ్లవాళ్లు అనేవారు. మేస్త్రీ కూడా అదే అనేవాడు, కాకపోతే ఎవరూ అడగకుండానే. ఎక్కడో గుద్దుకుని వచ్చిన తలుపు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ఒక్కసారి నిమిరితే చాలు, రేకు ఎక్కడ లోపలికి పోయిందో, ఎక్కడ సాగిందో, కారాయన ఇంట్లో ఏం అబద్ధం చెప్పాడో కూడా తెలిసిపోతుందని అతని నమ్మకం.

కుర్రతనంలో అతను పని నేర్చుకున్నది అసలు సిసలు ఇనుప కార్ల మీద. బంపరెక్కి ఇద్దరు నిలబడి తీరిగ్గా కబుర్లు చెప్పుకున్నా అది చలించేది కాదు. తర్వాత బంపర్లు ప్లాస్టిక్‌వి వచ్చాయి. మేస్త్రీ కొన్నాళ్లు దగ్గరివాళ్లెవరో పోయినట్టు మాట్లాడి, ఊరుకున్నాడు. ఆ తర్వాత రేకు పలచబడింది. బరువు తగ్గితే పెట్రోలు కలిసొస్తుందని, బ్యాటరీ బండైతే ఇంకాస్త దూరం పోతుందని ఎవరైనా చెప్పబోతే, "నడిచి పొమ్మనండి, ఇంకా కలిసొస్తుంది" అనేవాడు. రంగు కింద పుట్టీ ఎంత మెత్తారో చూడడానికి అతని జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ఉండేది. ఒకరోజు దాన్ని ఓ కొత్త కారు బానెట్ మీద పెడితే, జారి కాలి మీద పడింది. మేస్త్రీ బొటనవేలు పట్టుకుని, "మొత్తం పుట్టీయే" అని తీర్పు చెప్పాడు. కొత్తగా షెడ్డులో పనికి దిగిన కోడలు వచ్చి, అది అల్యూమినియమని, దానికి అయస్కాంతం అంటుకోదని చెప్పింది.

కోడలు పెళ్లికి ముందు కార్ల ఫ్యాక్టరీలో బాడీలు బిగించే చోట పనిచేసింది. షెడ్డులోకి రాగానే వెనక మూలకు ప్లాస్టిక్ తెర వేయించుకుంది. తెర వెనక అల్యూమినియం పని తప్ప ఇంకో పని జరగదు. అక్కడ చెక్క సుత్తులు, ప్లాస్టిక్ సుత్తులు. తుడిచే గుడ్డలు కూడా వేరే. ఇనుప పొడి రవ్వంత దిగబడినా కొన్నాళ్లకు రంగు కింద బొబ్బలు లేస్తాయని, ఇవతలి బట్టలతో అవతలికి ఎవరూ రాకూడదని ఆమె ఆర్డరు.

"ఏంటమ్మాయ్, మడి కట్టుకున్నావా?" అన్నాడు మేస్త్రీ.

"అవును మావయ్యా. మీరు కాస్త దూరంగా ఉండండి," అంది కోడలు.

మేస్త్రీ కొడుకు రంగులు వేసేవాడు. పొద్దస్తమానం మొహానికి మాస్కు ఉండేది గనక ఏ విషయంలోనూ అభిప్రాయం చెప్పాల్సిన అవసరం అతనికి రాలేదు.

తెరకు ఇవతల పని తగ్గుతోంది, అవతల పెరుగుతోంది. ఆ సంగతి మేస్త్రీకి కనిపించక కాదు. తన షెడ్డులో తను అడుగు పెట్టకూడని చోటు ఉండడం అతనికి కడుపుమంట. అంతకంటే పెద్దది భయం. రేపో మాపో తన చేతికి పనే లేకుండా పోతుందేమోనని. ఆ మాట ఎవరితోనూ అనలేదు. సుత్తి మాత్రం ఇదివరకటి కంటే గట్టిగా కొట్టేవాడు.

అలాంటప్పుడు ట్యాక్సీల ఓనరు తన కొత్త బ్యాటరీ కారు తెచ్చాడు. వెనక తలుపు సొట్టపోయింది. "మీ చెయ్యి మీద నమ్మకం మేస్త్రీగారూ. ఇది బాగా వస్తే నా బళ్లన్నీ ఇక్కడికే," అన్నాడు. తలుపు అల్యూమినియంది కావడంతో తెర వెనక్కి వెళ్లింది. కోడలు దాన్ని ఊడదీసి స్టాండుకు తగిలించి, లోపలి అట్టలు విప్పి, సొట్ట మీద రంగు గీకి, మెల్లగా తట్టి తట్టి చాలావరకు దారికి తెచ్చింది. మధ్యలో అరచేతి మేర మాత్రం రేకు సాగిపోయింది. వేలు పెడితే టపుక్కున లోపలికి, తీస్తే టపుక్కున బయటికి. దాని సంగతి తర్వాత చూస్తానని, తలుపు రేకులు అతికించే గమ్ము తేవడానికి బజారుకెళ్లింది.

మేస్త్రీ స్నానం చేశాడు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. ఆ విషయంలో అతన్ని వేలెత్తి చూపడానికి లేదు. గ్యాస్ టార్చి పట్టుకుని తెర దాటాడు.

సాగిన రేకును ముడుచుకునేలా చేయడం అతనికి కొట్టిన పిండి. మధ్యలో చిన్న చుక్క ఎర్రబడేదాకా కాల్చాలి, చుట్టూ తట్టాలి, తడిగుడ్డ వేయాలి. మంట పెట్టాడు. ఎరుపు రాలేదు. ఇంకాస్త దగ్గర పెట్టాడు. రేకు తెల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంది. మొండిఘటం అనుకుని ఇంకాస్త ఆగాడు. రేకు ఎర్రబడలేదు. ఊడి కింద పడింది. గుప్పెడంత కంత పడింది, అందులోంచి అప్పుడే వచ్చి నిలబడ్డ కోడలు కనిపించింది.

"అల్యూమినియం ఎర్రబడదు మావయ్యా. చెప్పాపెట్టకుండా కరిగిపోతుంది."

"ముందే చెప్పొచ్చుగా?"

"దూరంగా ఉండమని చెప్పాను."

ఓనరు ఆ సాయంత్రమే వచ్చాడు. కంత చూశాడు, కోడల్ని చూశాడు, మేస్త్రీ వైపు జాలిగా తిరిగాడు. "ఇలాంటి పని చిన్నపిల్లల చేతికి ఇస్తారా ఎవరైనా?"

"నేనే కాల్చాను సార్."

"మీ మంచితనం నాకు తెలీదా? కోడల్ని వెనకేసుకు రావాలి, కాదనను. కానీ నలభై ఏళ్ల చెయ్యి ఇలా చేసిందంటే నమ్మాలా?"

మేస్త్రీ ఒట్టేశాడు. ఓనరు దృష్టిలో అతని మంచితనం ఇంకా పెరిగింది. కొడుకు మాస్కు సర్దుకున్నాడు.

"బండి వేరే చోటికి తీసుకెళ్తాను. ఈ అమ్మాయి చేతికి బండి ఇవ్వొద్దని మావాళ్లందరికీ చెప్తాను. మీ మీద కోపం లేదు మేస్త్రీగారూ," అన్నాడు ఓనరు.

కోడలు సర్దే ఉన్న చెక్క సుత్తుల్ని మళ్లీ సర్దుతోంది. మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లూ తను గొప్పగా చెప్పుకున్న పేరే ఇప్పుడు ఈ పిల్ల నోటి దగ్గర కూడు లాగేస్తోంది.

"ఇలా రండి సార్," అని టార్చి వెలిగించాడు.

కంతకు జానెడు దూరంలో మంట పెట్టాడు. "ఎర్రబడుతుందని చూస్తున్నాను. ఎర్రబడలేదు కదా? ఇంకాస్త దగ్గర పెడుతున్నాను. ఇప్పుడు మొండిఘటం అనుకుంటున్నాను." ఓనరు తొంగి చూశాడు. రేకు తెల్లగానే ఉంది. తర్వాత ఊడి పడింది.

రెండు కంతలూ కవలపిల్లల్లా ఉన్నాయి.

"ఇలా చేశాను," అన్నాడు మేస్త్రీ. "ఈ పని నాకు రాదు సార్. ఆ అమ్మాయికి వచ్చు."

ఓనరు వంగి రెండు కంతల్నీ పోల్చి చూశాడు. "పై రేకు మార్చడానికి ఎన్నాళ్లు పడుతుంది?" అన్నాడు చివరికి. మేస్త్రీ అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. కానీ ఓనరు చూస్తున్నది కోడలి వైపు.

"వారం పడుతుందండీ," అంది కోడలు.

"సరే. నీ చేత్తోనే చెయ్యమ్మా. ఈ పెద్దాయన్ని మాత్రం దగ్గరికి రానివ్వకు."

"రానివ్వనండి," అంది కోడలు.

ఆ మాట మేస్త్రీ కోరి తెచ్చుకున్నదే. అయినా చెవిన పడగానే ఏడుపొచ్చింది. మంట సెగ తగిలిందని చెప్పి కళ్లు తుడుచుకుని, టార్చి ఆపేశాడు.