చింతపండు, ఇత్తడి బిందె, అడ్డాకులు

మా చిన్నప్పుడు... ఎండాకాలం వచ్చిందంటే మా ఇంటి అరుగు నిండా చింతపండే. భద్రాచలం రోడ్డులో, అడవి మొదలయ్యే చోట మా ఊరు. శనివారం సంతకు గూడెం నుంచి ముత్తమ్మ గంపలో చింతపండు తెచ్చేది. గింజ తీయనిది కాబట్టి చవక. అమ్మ కొంత ఉప్పు, కొంత డబ్బు ఇచ్చి ఏడాదికి సరిపడా ఒకేసారి తీసుకునేది.

నాన్న బస్సు కండక్టర్. ఒక్క జీతం. అమ్మ పొదుపంతా చారులోనే ఉండేది. ఇంట్లో ఒక మనిషి పెరిగితే చారులో ఒక చెంబు నీళ్లు పెరిగేవి. నీళ్లు పెరిగినా చారు చారులా ఉండాలంటే పులుపు ఉండాలి. పప్పు లేని రోజులుండేవి గానీ, చింతపండు లేని రోజు మాకు తెలియదు.

నాకు పదేళ్లప్పుడు మా మేనత్త పోయింది. ఆమె పిల్లలిద్దరినీ నాన్న మా ఇంటికి తెచ్చాడు. ఆరుగురం ఎనిమిది మందిమయ్యాం. అమ్మ కడుపుతో ఉంది కూడా.

ఆ ఎండాకాలం అమ్మ ఒక గంపకు బదులు రెండు గంపలు తీసుకుంది. గింజలు కొట్టి, ఈనెలు తీసి, ఉప్పు కలిపి, పెద్ద కుండ ఆ ఏడే పగిలింది కాబట్టి చిన్న కుండలో అదిమాం. కుండ నిండింది... ఇంకా ముప్పావు పండు చేటలోనే ఉంది. కొత్త కుండ కొందామంటే కుమ్మరి ఆవంలో కుండలు అప్పటికి కాలలేదు. ఇంట్లో ఖాళీగా ఉన్నది అమ్మ పుట్టింటి ఇత్తడి బిందె ఒక్కటే. దాని లోపలి తగరపు పూత, కళాయి, ఎప్పుడో పోయింది.

అదే వారం కళాయి వేసే ఆయన వీధిలోకి వచ్చాడు. ఎనిమిది రూపాయలు అడిగాడు. అమ్మ మూడు దగ్గర ఆగింది.

"గట్ల బేరమాడితే నా బొగ్గులకే చాలదమ్మా" అని కొలిమి తిత్తి సర్దుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు అమ్మకు ఆ ఆలోచన వచ్చింది. విస్తళ్లు కుట్టడానికి తెచ్చిన అడ్డాకులు ఇంట్లో ఉన్నాయి. బిందె లోపల అవి దట్టంగా పరిచి పండు పెడదామంది.

నాయనమ్మ ఒప్పుకోలేదు. "ఇత్తడిల పులుపు పెడ్తరానే పిల్లా? మా అత్త చూస్తే ఇంట్లకెల్లి ఎల్లగొడ్తుండె."

"పండు ఇత్తడికి తగిలితెనే గద అత్తమ్మా. నడుమ ఆకు ఉంటది."

"ఆకు నీ చుట్టమా, నువ్వు చెప్పినట్టు ఉంటానికి?"

అమ్మ చెయ్యి బిందె మూతిలో పట్టలేదు. నా చెయ్యి పట్టింది. ఆకు మీద ఆకు నేనే పరిచాను... నాలుగు వరసలు.

కుండలో పండు అనుకున్నదానికంటే ముందే అయిపోయింది. ఎనిమిది మంది కదా. శ్రావణంలో, నాలుగు రోజులుగా ముసురు పట్టి ఉండగా, అమ్మ బిందె దించి మూత తీసింది. పై ఆకు నల్లబడింది. దాని కింద పండు తడితడిగా ఉంది. పక్కల నుంచి లోపలిదాకా పచ్చటి చిలుము పాకింది.

నాన్న ఒక ముద్ద తీసి చూశాడు. "నడుమ బాగనే ఉన్నట్టుంది... కడిగి వాడరాదూ?"

"ఎనిమిది మంది తినేది. కడుపుతోని ఉన్న మనిషి తినేది. కడిగితే పోతదారా విషం?" అంది నాయనమ్మ.

అమ్మ ఆ ముద్దను నాన్న చేతిలోంచి తీసుకుంది. చాలాసేపు పట్టుకునే ఉంది. తర్వాత దడి పక్కన గుంట తీసి మొత్తం పూడ్చింది. మళ్లీ చింతపండు రావాలంటే ఎండాకాలం రావాలి. కొట్లో అడిగితే ధర అప్పటికే రెట్టింపు.

ఆకుల మధ్య నేనేమైనా సందు వదిలానా అని అమ్మ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఉప్పు చెమ్మ లాగుతుందనీ, నాలుగు వరసలు కాదు నలభై పరిచినా ఆకు ఆగదనీ నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అన్నేళ్లూ ఆ సందు నాదే అనుకున్నాను.

వారం తిరక్కుండానే ముత్తమ్మ వానలో తడుస్తూ వచ్చింది. చేతిలో గంప లేదు. అరుగు అంచున కూర్చుంది.

"జర చింతపండు పెట్టు అక్కా. పిల్లలకు గంజిలకు ఏం లేదు."

అమ్మకు మొదట అర్థం కాలేదు. "నువ్వే అడిగితివా చింతపండు?"

"ఎండల చెట్టు మొత్తం దులిపి నీకే ఇస్తిని గద. ఇంట్ల పిడికెడు ఉంచుకోకపోతి."

అమ్మ లోపలికి వెళ్లి బిందె తెచ్చి ఆమె ముందు పెట్టింది. ముత్తమ్మ లోపలికి తొంగి చూసింది. వేలితో గీకింది.

"ఆకులేసినవా? అయ్యో అక్కా... ఆకు ఎన్ని దినాలు ఆపుతది?"

ఇంట్లో మాకు లోటు లేనిది ఉప్పు ఒక్కటే. అమ్మ చేటెడు ఉప్పు ఆమె కొంగులో పోసింది. బదులు తీసుకోకుండా అమ్మ ఉప్పు ఇవ్వడం నేను చూసింది అదే మొదలు.

ఆ ఏడాది చారు లేదు. మామిడి ఒరుగులు కొన్నాళ్లు, చుక్కకూర కొన్నాళ్లు... చాలా రోజులు ఒట్టి కారం, మజ్జిగ నీళ్లు. కార్తీకంలో తమ్ముడు పుట్టాడు. తొమ్మిది మందిమయ్యాం.

ఇప్పుడు చింతపండు ప్యాకెట్‌లో వస్తుంది. గింజ ఉండదు, ఈనె ఉండదు, ఎవరి చెట్టుదో తెలియదు. ఆ బిందె మాత్రం నా దగ్గరే ఉంది. మొన్న కళాయి వేయిద్దామని ఖమ్మం బజారంతా తిరిగాను. ఎంత అడిగితే అంత ఇద్దామనే వెళ్లాను... వేసేవాళ్లే దొరకలేదు.

పొదుపు చేయబోయి మీ అమ్మ పోగొట్టుకున్నది ఏమైనా మీకు గుర్తుందా? ఉంటే రాయండి. మా ఒక్క ఇంట్లోనే జరిగింది కాదని తెలిస్తే, ఇన్నేళ్ల తర్వాతైనా కొంచెం ఊరటగా ఉంటుంది...