పాసు ఇంటిది

గేటు దగ్గర ముఖం చూసే కొత్త యంత్రం పని మొదలుపెట్టింది ఆ ఉదయమే. గౌరీశ్వరి ముఠాలోని ఆడవాళ్లు మూతికి కట్టుకున్న గుడ్డలు విప్పి ఒక్కొక్కరే దాని ముందు నిలబడుతున్నారు. పచ్చ దీపం వెలిగితే అడ్డుకమ్మీ తిరుగుతుంది. గంగాభవాని నిలబడితే ఎర్ర దీపం వెలిగింది.

"తల పైకెత్తి ఇంకోపాలి నిలబడే," అంది గౌరీశ్వరి వెనక నుంచి.

మళ్లీ ఎరుపే. కాపలా జవాను గంగాభవాని మెడలోని పాసు చేతిలోకి తీసుకుని ఫొటో చూశాడు, ఆమెను చూశాడు.

"రోజారమణి నువ్వేనా?"

"మా తోటికోడలండీ," అంది గంగాభవాని, ఆ జవాబు సరిపోతుందన్నట్టు.

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. జవాను నవ్వలేదు. ఇద్దరు ఆడ కానిస్టేబుళ్లు వచ్చి గంగాభవానిని గేటు పక్క గదిలోకి తీసుకుపోయారు.

అది తప్పని గౌరీశ్వరికి తెలియదనలేం. తెలుసు గానీ ఎన్నడూ తప్పుగా తోచలేదు. హార్బరు కాలువ ఒడ్డున ఉన్న ఆ ఎరువుల గోదాములో ఒలికిన యూరియా ఊడ్చి ఎత్తడం, చిరిగిన బస్తాలు కుట్టడం ఆమె ముఠా పని. అందరూ శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చి మల్కాపురం సందుల్లో కాపురాలు పెట్టినవాళ్లే. ముఠాలో చోటు ఖాళీ అయిందంటే కాంట్రాక్టరు మర్నాడే మరొకరిని పెట్టేస్తాడు. అందుకే ఒకామె పురిటికి వెళ్లినా, ఇంట్లో మైల వచ్చినా, ఆ ఇంటి నుంచే ఇంకో ఆడమనిషి అదే పాసు మెడలో వేసుకుని వచ్చేది. ఊళ్లో నాట్లకు వదిన రాలేకపోతే మరదలు మడిలో దిగదూ, అలాగే. పాసు మనిషిది కాదు, ఇంటిది. గౌరీశ్వరి కూడా మొదట్లో అత్త పోతమ్మ పాసు మీదే ఈ గేటు దాటింది. చాన్నాళ్లు కాపలావాళ్లు ఆమెను పోతమ్మా అనే పిలిచారు, ఆమె పలికింది. మొగుడు పోయాక పిల్లలిద్దరినీ గట్టెక్కించింది ఆ పనే.

ఇప్పుడు రోజారమణి తండ్రి పోయి ఊరెళ్లింది. "దినాలయ్యేదాకా మా గంగాభవానిని తీసుకెల్లు గౌరక్కా," అని వెళ్తూ అడిగితే, "దానికేటి, పంపు," అన్నది గౌరీశ్వరే. అప్పటి నుంచీ ఆ పాసు మీద గంగాభవానే వస్తోంది.

మిగతావాళ్లు పనిలోకి పోయారు. ఆమె గోడవారగా నిలబడింది. ఎండ ముదిరాక లోపలికి పిలిచారు.

గంగాభవాని బెంచీ మీద ముడుచుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది. బల్ల వెనక దేవీప్రసాద్ అనే ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. గౌరీశ్వరికి కుర్చీ చూపించి, గంగాభవాని ఫోను ముందుకు జరిపాడు. అందులో గోదాము ముందు నవ్వుతూ గంగాభవాని. వెనక నీళ్ల మీద బూడిదరంగు ఓడ.

"వెనక ఉన్నదేంటో తెలుసామ్మా?"

"ఓడ బాబూ."

"యుద్ధనౌక. ఈ ఫొటో మస్కట్ వెళ్లింది. వేరేవాళ్ల పాసుతో లోపలికొచ్చిన మనిషి పంపింది."

"అక్కడ దాని మొగుడున్నాడు బాబూ. వెల్డింగు సేత్తన్నాడు. నాకూ పని దొరికినాదని మురిసిపోయి పంపినాది."

"అయ్యుండొచ్చు. పోయిన నెల ఒకణ్ని పట్టుకున్నాం. వాడు చాలా మంచోడని వీధి వీధంతా చెప్పింది. వాడి ఫోన్లో ఓడలు వచ్చే వేళలూ పోయే వేళలూ దొరికాయి. నీ మాట నమ్మి ఈమెను వదిలేశాననుకో, రేపేదన్నా జరిగితే ముందు పోయేది ఎవరు? ఈ గోదాములో నీవాళ్లే కదూ?"

ఆయన అబద్ధం చెబుతున్నాడని గౌరీశ్వరికి అనిపించలేదు. బెంచీ వైపు చూసింది.

"ఇంటికి కబురెట్టినారా బాబూ? దాని పిల్ల బడి నుంచి వచ్చేత్తాది."

"అవన్నీ తర్వాత." ఆయన గొంతు తగ్గించాడు. "చూడమ్మా, నీకు దీంట్లో ఏ సంబంధమూ లేదు. తానే రోజారమణినని చెప్పి ఈమె నిన్ను మోసం చేసింది. ఆ ఒక్క మాట చెప్పి పనిలోకి పో."

"మరి దానికేటవుద్ది?"

"పైనుంచి మనుషులొస్తారు. గూఢచారులకు పెట్టిన ఈ చట్టం గట్టిది. బెయిలు అంత తొందరగా రాదు."

గంగాభవాని తలెత్తి గౌరీశ్వరి వైపు చూసింది.

"నానే రమ్మన్నాను బాబూ," అంది గౌరీశ్వరి. "ఆ ఫొటో తీసినది కూడా నానే. నవ్వవే అన్నాను. ఓడ ఎనకాల ఉన్నాదని సూసుకోనేదు."

ఇన్‌స్పెక్టరు కాగితం ముందుకు లాక్కున్నాడు. "ఇంకెంతమంది ఇలా వస్తున్నారు?"

"నా గురించి అడగండి, సెప్తాను. ఆళ్ల పేర్లు నా నోట రావు."

"అలాగైతే నీ పాసు ఇక్కడే ఉంటుంది."

మెడలోంచి తీస్తుంటే తాడు జుట్టుకు చిక్కుకుంది. ఆయన ఆగాడు. పాసు అందుకుని, ఆమె ఫోను నంబరు కూడా చెప్పించుకుని రాసుకున్నాడు.

మధ్యాహ్నమంతా ఎక్కడెక్కడికో ఫోన్లు నడిచాయి. మస్కట్‌లో ఉన్న గంగాభవాని మొగుడి పాస్‌పోర్టు వివరాలు తెప్పించారు. ఊళ్లో దినాల వంటలో ఉన్న రోజారమణి చేత మాట్లాడించారు. పొద్దు వాలుతుండగా గంగాభవానిని బయటికి పంపారు. ఫోను ఇవ్వలేదు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావాలన్నారు.

గేటు ముందు రోడ్డు మీద లారీలు బారులు తీరి ఉన్నాయి. పని దిగిన ముఠావాళ్లు ఆగి, "ఏటయినాదే?" అని ఓ మాట అడిగారు. జవాను ఇటు చూడడంతో గబగబా వెళ్లిపోయారు. ఇద్దరే మిగిలారు.

"నీ పాసు పోనాది గదా అక్కా, నా మూలాన," అంది గంగాభవాని.

"ఊరుకోయే. రమ్మన్నది నాను గాదేటి?"

కాసేపటికి గంగాభవాని అంది, "అక్కా, ఓపాలి నీ ఫోనియ్యవా? ఆయన ఈ ఏలకి సేత్తాడు. నా ఫోను పలక్కపోతే కంగారుపడిపోతాడు. ఆల్లు ఆయన్నేటడిగినారో ఏటో. నాను బాగున్నానని ఒక్క మాట సెప్తాను."

గౌరీశ్వరి చెయ్యి సంచీలోకి పోయింది. ఫోను తగిలింది. పొద్దున్నే పూర్తిగా ఛార్జింగు పెట్టుకున్న ఫోను. కొడుకు మొన్ననే రీఛార్జి చేయించాడు. ఆ నంబరు ఇప్పుడు గదిలో బల్ల మీద రాసి ఉంది. దాని నుంచి మస్కట్‌కు ఫోను వెళ్తే ఎక్కడ ఎవరికి తెలుస్తుందో ఆమెకు తెలియదు. తెలుస్తుందని మాత్రం అనిపించింది. గేటు వైపు చూసింది. జవాను తన పని తాను చూసుకుంటున్నాడు.

"బ్యాలెన్సు నేదే," అంది.

గంగాభవాని ఆమె సంచీ వైపు, అందులోనే ఉండిపోయిన చెయ్యి వైపు చూసింది. "సర్లే అక్కా," అంది.

మల్కాపురం బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. గౌరీశ్వరి పక్కన సీటు ఖాళీగానే ఉంది. గంగాభవాని ముందుకెళ్లి కమ్మీ పట్టుకుని నిలబడింది.