నలభై రోజుల పథ్యం

నాకు జ్వరం వచ్చి తగ్గాక మా కాలనీలో ప్రతివాడూ నన్ను మెచ్చుకోవడం మొదలుపెట్టాడు. అంతకుముందు నన్ను ఎవరూ దేనికీ మెచ్చుకున్న పాపాన పోలేదు. నూట పద్నాలుగు కిలోల మనిషిని. లింగంపల్లిలో ఆటో ఎక్కితే ఇద్దరి కిరాయి అడిగేవాళ్లు. పన్నెండు రోజులు మంచంలో పడి లేచేసరికి తొమ్మిది కిలోలు పోయాయి. పాలు పోసే ఆయన సైకిల్ ఆపి మరీ, జ్వరం నీకు మంచే చేసిందన్నాడు. సిగ్గు లేకుండా పొంగిపోయాను.

అప్పట్లో మాదాపూర్‌లో కడుతున్న ఒక అద్దాల బిల్డింగుకి వాచ్‌మన్‌ని. పని అయిపోవస్తోంది. కంప్యూటర్ ఆఫీసులు దిగాక లోపల పక్కా డ్యూటీ ఉంటుందనీ, గంటకోసారి ఎనిమిది అంతస్తులూ మెట్ల మీదుగా చూసి రావాలనీ, లిఫ్టు మన కోసం కాదనీ సూపర్‌వైజరు చెప్పాడు. చెబుతూ నా పొట్ట వంక చూశాడు. నెలన్నర గడువిచ్చాడు. ఆగకుండా ఎనిమిది అంతస్తులు ఎక్కి చూపిస్తే ఉద్యోగం నాది. లేకపోతే ఇటుక లారీలు లెక్కపెట్టే గేటే గతి, అది కూడా బిల్డింగు పూర్తయ్యేదాకానే. నేనూ నా భార్యా ఆ లోపలి డ్యూటీ మీదే ప్రాణాలు పెట్టుకున్నాం.

నా జ్వరం చూసిన డాక్టరమ్మది కోస్తా వైపు. అది వైరస్ జ్వరమనీ, ఒంట్లో బలమంతా లాగేసిందనీ, లావున్నంత మాత్రాన బలమున్నట్టు కాదనీ విడమరిచి చెప్పింది. అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, పెరుగు, కూరలు తినాలి. మొదటి వారం వీధి చివరిదాకా నడవాలి, ఆయాసం వస్తే ఆగిపోవాలి. తర్వాత కొంచెం కొంచెంగా పెంచుకోవాలి. నెలదాకా పరుగు మాట ఎత్తొద్దు, కడుపు మాడ్చుకోవద్దు. కాగితం మీద రాసి కూడా ఇచ్చింది.

ఇంటికొస్తే మా మేనత్త కూర్చుని ఉంది, నన్ను చూడ్డానికి ఊరి నుంచి వచ్చి. ఆమె ముందు ఏ డాక్టరూ నిలవడు. జ్వరం పడ్డ ఒంటికి పప్పు వాతం, గుడ్డు వేడి, పెరుగు చలువ అని కొట్టిపారేసింది. పాత బియ్యపు అన్నం, మిరియాల చారు, నూనె లేని బీరకాయ కూర, అంతే. మా వైపు ఎవరింట్లోనైనా పథ్యమంటే అదే, మూడు రోజులు. మేనత్త నాలుగో రోజు ఊరికి వెళ్లిపోయింది. ఆమెననడానికి ఏం లేదు. ఆ పథ్యాన్ని నలభై రోజులు లాగిన ఘనుణ్ణి నేనే.

ఎందుకంటే బరువు దిగుతోంది మరి. ప్రతి ఆదివారం స్టేషన్లో రంగు బల్బుల మిషనెక్కి చీటీ తీసుకునేవాణ్ణి. ప్రతి చీటీకీ ఛాతీ ఇంకాస్త విరుచుకునేవాణ్ణి. అది చాలదని పొద్దున్నే గచ్చిబౌలి రోడ్డు మీద యూనివర్సిటీ గోడ వెంబడి పరుగు కూడా. గుండె దడదడలాడేది, కళ్ల ముందు చుక్కలు కనిపించేవి. కొవ్వు కరుగుతోందనుకున్నాను. ఎంత తెలివో చూడండి! నా భార్య ఒకసారి జర పప్పు వండనా అని అడిగింది. నన్ను మళ్లీ లావు చెయ్యాలని ఉందా అని కసిరాను. ఆమె ఇంకెప్పుడూ అడగలేదు.

గడువు రోజు సూపర్‌వైజరు వెనక వస్తుండగా మెట్లెక్కాను. మూడో అంతస్తు దాటేసరికి తొడలు వణికాయి. నాలుగో అంతస్తులో సిమెంటు బస్తా మీద కూలబడ్డాను. ఆయన ఇద్దరు మేస్త్రీల చేత మోయించి ఆటో ఎక్కించాడు. ఇంటి దగ్గర నా భార్య కూడా ఆటో ఎక్కి నన్ను దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టరమ్మ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, చేతులు ఛాతీకి కట్టుకుని లేవమంది. ఇదేం పరీక్షని నవ్వుకుంటూ లేవబోయాను. లేవలేదు. మళ్లీ ప్రయత్నించాను. కాళ్లు నావి కానట్టే ఉన్నాయి. ముప్పై నాలుగేళ్ల మగవాణ్ణి, స్టూలు మీంచి లేవలేకపోయాను.

"తగ్గింది కొవ్వొక్కటే అనుకుంటున్నారా? కండ కరిగిపోయిందండీ. తిండి పెట్టకుండా పరిగెత్తిస్తే ఒళ్లు కండనే తింటుంది" అంది డాక్టరమ్మ.

గుండె పరీక్ష చేసి, దానికేమీ కానందుకు దేవుడికి దండం పెట్టుకోమంది. ఇన్నాళ్లూ ఏం తిన్నానో అడిగింది. చెప్పాను. ఆమె తల పట్టుకుంది. అంతలో ఆమె చూపు నా వెనక్కి పోయింది. నా భార్య తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది. డాక్టరమ్మ లేచి వెళ్లి ఆమె కంటి కింది రెప్ప లాగి చూసింది. లోపల ఎరుపన్నది లేదు, తెల్లగా పాలిపోయి ఉంది.

"నువ్వేం తింటున్నావమ్మా?"

"ఈయన తిన్నదే."

"ఎప్పట్నుంచి?"

"ఈయనకు జరం తగ్గినకాన్నుంచి."

నా చెవులు నేను నమ్మలేదు. ఆమె అసలే బక్కపలచని మనిషి. డాక్టరమ్మ కాటా ఎక్కించి చూస్తే ముప్పై ఆరు కిలోలు. ఆ ముప్పై ఆరు కిలోల మనిషి నన్ను ఆటోలోంచి దింపి ఇక్కడిదాకా పట్టుకుని నడిపించింది. నిన్నెవడు తినమన్నాడని అందరి ముందూ అరిచాను. ఆమె నేల చూపులు చూస్తూ నెమ్మదిగా అంది.

"నువ్వు చారు మెతుకులు తినుకుంట కూసుంటే, నేను పప్పేసుకొని ఎట్ల తింట?"

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది. మందులు తీసుకుని ఇంటికొచ్చాం. లోపలి ఉద్యోగం ఇంకొకడికి ఇచ్చేశారని మర్నాడే తెలిసింది. అదే వారం ముందైతే కుమిలిపోయేవాణ్ణేమో గానీ, దవాఖాన నుంచి వచ్చిన ఆ సాయంత్రమే నా మనసులో ఉద్యోగం లేదు. ఆమె పప్పు వండి, గుడ్లు ఉడకబెట్టి, ఎప్పట్లాగే నాకు వడ్డించి లోపలికి పోబోయింది. నేను తిన్నాక వంటింట్లో తినడం ఆమెకు అలవాటు. కంచం తెచ్చుకుని ఇక్కడే కూర్చోమన్నాను. వద్దంది, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారంది. నేను ముద్ద ముట్టలేదు. చివరికి కూర్చుంది. సిగ్గుపడుతూ నాలుగు ముద్దలు తిని నా వంక చూసింది. పెళ్లయి తొమ్మిదేళ్లు. ఆమె అన్నం తింటుంటే నేను చూడటం అదే మొదటిసారి.