ఉల్లిగడ్డలు కూరలో పడిన ప్రాక్టికల్

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, ఆర్మూర్‌లోని మా జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం ప్రాక్టికల్స్‌కు నన్ను ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా వేశారు. ఇంటర్నల్ అంటే పిల్లల సొంత లెక్చరరే. ముందుగా స్లైడు చూసి షీటు మీద టిక్కు పెట్టడం అతని పని. మార్కులు వేసేది వేరే కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్. ఆయనకు మధ్యాహ్నం అంకాపూర్ నాటుకోడి కూర పెట్టాలన్నది ఏ సర్క్యులర్‌లోనూ లేదు గానీ, అన్ని సర్క్యులర్ల కంటే కచ్చితంగా అమలయ్యేది అదే.

కణ విభజన చూపించాలంటే ఉల్లిగడ్డను నీళ్ల సీసా మూతి మీద కూర్చోబెడతాం. మూడు రోజుల్లో కిందికి తెల్లటి వేళ్లు దిగుతాయి. వేరు కొనల్లో కణాలు తీరిక లేకుండా రెండుగా విడిపోతుంటాయి. కొన కోసి, ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగులో కాస్త వేడిచేసి, గాజు పలకల మధ్య బొటనవేలితో నొక్కితే క్రోమోజోములు కనిపిస్తాయి. నేను పన్నెండు గడ్డలు పెట్టాను.

పరీక్ష రోజు పొద్దున వెళ్లేసరికి పన్నెండు సీసాలూ బోడిగా ఉన్నాయి. ల్యాబ్ అటెండర్ లచ్చవ్వ వెనక వరండాలో కోడికూరకు తాలింపు వేస్తోంది.

"గడ్డలకు వేళ్లొచ్చినయ్ సార్. ఇంకో దినమైతే ఖరాబైతయని కూరల ఏసిన" అంది.

రైతింటి మనిషి. ఆమె లెక్కలో వేరొచ్చిన ఉల్లి చెడిపోతున్న ఉల్లే. నాకు ఒళ్లు మండింది గానీ, అరిచి లాభం లేదు. వేళ్లున్న అడుగులు కోసి ఎక్కడ పారేసిందో అడిగాను. కోడి బొచ్చుతో పాటు గోడ పక్కన పోసిందట.

తెల్ల ఏప్రన్లలో సెకండియర్ పిల్లలంతా చిమటాలు పట్టుకుని ఆ బొచ్చులో వేళ్లు ఏరారు. నవ్వడమంటే గిట్టని ఎక్స్‌టర్నల్ గారిని అంతసేపూ నేను ఎండుటాకుల ఆల్బం ముందు కూర్చోబెట్టి, ఆకుకో కథ చెప్పాను.

పరీక్ష మొదలైంది. మోర్తాడ్ నుంచి బస్సులో వచ్చే సుజాత తల్లి బీడీలు చుడుతుంది. ఈ ప్రాక్టికల్ తప్పితే సుజాతకు ఆ ఏడు పోయినట్టే. ఆమె షీటు మీద క్రోమోజోములు రెండు వైపులకు విడిపోతున్న బొమ్మ, వాటిని లాగే కండె పోగులు ముచ్చటగా ఉన్నాయి. పక్కన నా టిక్కు. ఎక్స్‌టర్నల్ మైక్రోస్కోప్‌లోకి వంగి చాలాసేపు లేవలేదు.

"అమ్మా, గిది కోడి ఈక. నువ్వు చూసిందొకటి, గీసిందొకటి" అని సున్నా వేయడానికి ఎర్ర పెన్ను తీశారు.

సుజాత నా టిక్కు చూపించి తప్పించుకోవచ్చు. టిక్కు మీద వేలు అడ్డం పెట్టి షీటు ఆయన ముందుకు జరిపింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"టిక్కు పెట్టింది నేనే సార్. సున్నా వేస్తే ముందు నాకు వెయ్యండి" అని, కోడి, ఉల్లి, బొచ్చు అన్నీ వరసగా చెప్పేశాను. ఆయన కళ్లద్దాలు తీసి, అయితే ఆ గడ్డలు ఇప్పుడు కూరలో ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాను. ఆయన భుజాలు ఊగిపోయాయి. గిట్టని నవ్వంతా ఒక్కసారే వచ్చింది. సుజాతకు ఇంకో స్లైడు చేసుకోమని పది నిమిషాలిచ్చారు.

ఈసారి ఆ పిల్ల చూసి చూసి తల ఎత్తింది. "సార్, దీంట్ల పోగులు కనవడ్తలేవు. క్రోమోజోములే ఉన్నయి."

"గట్లనే గీయి" అన్నారాయన. పాస్ చేశారు. కూర రెండోసారి వడ్డించుకున్నారు.

ఎసిటోకార్మిన్ క్రోమోజోములకే పడుతుంది. ఆ రంగుతో, మా మైక్రోస్కోప్‌లో కండె పోగులు కనబడవు. ఈ మాట ఏటా పాఠంలో చెప్పింది నేనే, పోగులు గీసిన ప్రతి షీటుకూ ఏటా టిక్కు పెట్టిందీ నేనే. బొమ్మ బాగుంటే స్లైడు చూసేవాణ్ణి కాదు. మిగిలిన రెండేళ్లూ చూశాను.